గాలి గొట్టానికి చుట్టిన బొంత

పద్దెనిమిదో శీతం, పుష్యం 4
బయట −34. లోపల 17. తేడా 51. గుళికలు 14 కిలోలు.

గాలి గొట్టం మీద ఈ రోజు వేలెడు మందాన మంచు పేరుకుంది. మధ్యాహ్నం పొయ్యి జోరు పెంచగానే అది కరిగి, బాలింత మంచం కోడు పక్కన చెంబెడు నీళ్ళు కారాయి. కొలిచాను. చెంబు కాదు, ముప్పావు చెంబు.

పొయ్యిలో వేసే కట్టెపొట్టు గుళికలు మండాలంటే గాలి కావాలి. ఆ గాలిని బయటి నుంచి తెచ్చి పొయ్యికి అందించేది గాలి గొట్టం. పొగను బయటికి తీసుకుపోయేది పొగ గొట్టం. ఈ రెండూ ఉన్నంతవరకు పొయ్యి మన ఊపిరి జోలికి రాదు. ఇంటర్ పిల్లలకు ముప్పై ఒక్క ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను, ఈ మాత్రం సంగతి ఊరి పొయ్యిలు, గుళికలు చూసే ఉష్ణ కమిటీకి చెప్పలేకపోయాను. −34లో ఉన్న గాలిని మోసుకొచ్చే గొట్టానికి తొడుగు లేకుండా నాలుగేళ్ళ కింద ఉత్త రేకు బిగించి పోయారు. ఇంట్లో తేమంతా వచ్చి దాని మీదే గడ్డకడుతోంది. తొడుగు కోసం నాలుగు అర్జీలు పెట్టాను. విషగంటకు బ్యాటరీ కావాలని పెట్టినవి ఆరు. పొగ ఇంట్లోకి తన్నితే మోగవలసిన గంట అది. మూడు శీతాలుగా గోడ మీద మూగగా వేలాడుతోంది. పది అర్జీల తేదీలూ ఈ పుస్తకం వెనక అట్ట లోపల ఉన్నాయి. ఎవరైనా అడిగితే చూపిస్తాను. ఎవరూ అడగరు.

నా మనవరాలు వసుధ కని ఇవాళ్టికి ఐదు రోజులు. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. గుళికల కాటాను శుభ్రంగా తుడిచి దాని మీదే తూచాను. వసుధ తల్లి, అంటే నా కూతురు, రెండో శీతంలోనే పోయింది. అందుకే పురుడు నా ఇంట్లో. భర్త మహేందర్ గుళికల మిల్లులో ఉన్నాడు, చచ్చిన టేకు అడవిని పొడి చేసి గుళికలు ఒత్తే చోట. నెలాఖరు వరకు రాడు. అత్తగారు రాజవ్వ మాత్రం ఇరవై ఒక్క రోజులు ఉంటానని ట్రంకు పెట్టె మోసుకుని వచ్చింది. బాలింత మంచాన్ని పొయ్యి పక్కకు జరిపించింది. వసుధ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, పూటకోసారి సాంబ్రాణి పొగ వేస్తోంది.

"వదినె, గీ గొట్టం బంద్ చెయ్యరాదూ? బాలెంత పక్కన మంచుగడ్డను పండవెట్టినట్టున్నది" అంది ఇవాళ.

"అది పొయ్యికి ముక్కు. మూస్తే పొయ్యి మన గాలి పీలుస్తుంది."

"పీలిస్తే పీల్చనీ. ఇంట్ల గాలికి కరువొచ్చిందా? నువ్వు మాట్లాడేదానికే సగం ఖర్చయితున్నది."

"అత్తా, నవ్వించకు. కుట్లు గుంజుతున్నయి" అంది వసుధ పొట్ట పట్టుకుని.

నాకు నవ్వు రాలేదు. కమిటీ తొడుగు కోసం ఎదురుచూస్తే ఈ పిల్ల బడికి పోయే వయసు వస్తుంది. పాత బొంత ఒకటి తీసి గొట్టం చుట్టూ మూడు వరసలు చుట్టి, నులక తాడుతో గట్టిగా కట్టాను. గోడ దగ్గర నుంచి పొయ్యి వెనక దాకా ఎక్కడా రేకు కనబడదు.

పుష్యం 5
బయట −35. లోపల 17. తేడా 52. గుళికలు 14.

బొంత తడవలేదు. నీళ్ళు కారలేదు. రాజవ్వ కిటికీ సందులకు గంజి గుడ్డలు అంటించింది. తలుపుకు రెండు దుప్పట్లు వేలాడదీసింది. గొట్టం జోలికి పోనంతవరకు ఎవరు ఎక్కడ ఏం అంటించుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను.

"నీ గొట్టం నీకే ముద్దు" అంది.

పుష్యం 6
బయట −36. లోపల 19. తేడా 55. గుళికలు 12½.

రెండుసార్లు తూచాను. కాటా సరిగానే ఉంది. బయట చలి పెరిగింది, లోపల వెచ్చదనం పెరిగింది, గుళికలు మాత్రం కిలోన్నర తగ్గాయి. ఒక పాత బొంత, ఒక నులక తాడు. కమిటీలోని తొమ్మిది మందికి నాలుగేళ్ళుగా తోచని పని.

పసిది నిన్నటి దాకా ఇల్లు ఎగరగొట్టేది. ఇవాళ హాయిగా పడుకుంది. "వెచ్చగుంటే పోరి ఎందుకేడుస్తది?" అంది రాజవ్వ. మా ఇద్దరికీ ఒక విషయంలో మాట కలవడం ఇదే మొదటిసారి.

పుష్యం 8
బయట −37. లోపల 19. తేడా 56. గుళికలు 12. నిన్న 12½.

పొయ్యి అద్దం నల్లబడింది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ మసి. బూడిదలో సగం కాలిన గుళికలు గుప్పెడు దొరికాయి. మిల్లు వాళ్ళు తడి పొట్టు ఒత్తి పంపిస్తున్నారు. గోదాం లెక్కలు చూసే ఓదేలును పిలిపించి ఆ గుళికలు అతని అరచేతిలో పోశాను.

"ఇవి గుళికలా? మేక పెంటికలా?"

"మేడం, గదే సంచిలకెల్లి మా ఇంటికి గూడ తీస్కపోయిన. మంచిగనే మండుతున్నయి."

"అంటే నా కళ్ళు మంచివి కావంటావు."

"అయ్యో, నేను గట్లన్ననా?" అంటూ గుళికలు జేబులో పోసుకుని వెళ్ళిపోయాడు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చాను. నకలు నా దగ్గర ఉంది.

పుష్యం 9
బయట −37. లోపల 19. తేడా 56. గుళికలు 12½.

ఉష్ణ కమిటీ కార్యదర్శి దామోదర్ వచ్చాడు. నా దగ్గర రెండేళ్ళు చదివాడు. వెనక బెంచీ, కిటికీ పక్కన. బొంత సంగతి ఓదేలు చెప్పాడట. లెక్కల పుస్తకం అడిగాడు. చూపించాను. గర్వంగానే చూపించానని ఒప్పుకోవాలి. 6, 7, 8 తేదీలు మూడూ కలిపి 39 కిలోలు. అంతకు ముందు మూడు రోజులు 42.

"అరవై నాలుగిండ్లకు గిట్ల మిగిలితే మాఘం దాటొచ్చు మేడం" అన్నాడు. కళ్ళు మెరిశాయి. గోదాం అడుగంటుతోందని ఊరందరికీ తెలుసు.

"బొంతలు పంచు. రేపే పంచు. అట్లాగే నా బ్యాటరీ..."

"వస్తయి మేడం."

"ఈ మాట ఏడోసారి."

నవ్వాడు. బెంచీ మీద కూడా అలాగే నవ్వేవాడు.

పుష్యం 10
బయట −38. లోపల 19. తేడా 47. గుళికలు 12.

బొంతలు పంచలేదు. ఉత్తర్వు పంచాడు.

"గాలి గొట్టానికి గుడ్డ చుట్టిన ఇంట రోజుకు కిలోన్నర ఆదా అయినందున, గొట్టమే మూసివేసిన యెడల మూడు కిలోలు ఆదా కాగలదని అంచనా. ప్రతి ఇంటివారు గొట్టం కీలు విప్పి, గోడ వైపు మూతి మూసి, పొయ్యికి ఇంటి గాలినే అందించవలెను. ఆధారం: శ్రీమతి శకుంతల గారి లెక్కలు."

నా పేరు. నా అంకెలు. ఎండలు తగ్గిస్తామని ఆకాశంలో పొడి చల్లిన పెద్దమనుషులు కూడా ఇలాగే మూడు రోజుల అంకెలు పట్టుకుని ముప్పై ఏళ్ళకు గీత గీశారు. ఆ గీత కిందే పద్దెనిమిదేళ్ళుగా గడ్డకట్టుకుని బతుకుతున్నాం.

కమిటీ ఆఫీసుకు పోయి అడిగాను. "కిలోన్నరకు మూడు కిలోలు ఎట్లా అయ్యాయిరా?"

"సగం మూస్తే గంత, మొత్తం మూస్తే గింత. లెక్కనే గద మేడం."

"చుట్టడం సగం మూయడమా? ముక్కుకు మఫ్లరు చుట్టుకుంటే వెచ్చగా ఉందని ముక్కే మూసుకుంటావా?"

"ఇండ్లల్ల గాలి లేదా మేడం? మా ఇంట్ల పొద్దున్నే మూసిన. మా ఆవిడ మస్తు వెచ్చగున్నదంటున్నది."

ఇంటికి వచ్చి కూర్చుని ఉత్తరం రాశాను. రాస్తుంటే పెన్ను రెండుసార్లు జారింది, కోపానికి. నకలు:

"గాలి గొట్టం మూసిన ఇంట్లో కనిపించేవి ఇవి. పొయ్యి అద్దం నల్లబడుతుంది. గుళికలు సగమే కాలుతాయి. తలనొప్పి వస్తుంది. వాంతి అవుతుంది. పట్టపగలు మగత కమ్ముతుంది. ఒంటి రంగు ఎర్రబడుతుంది. మామూలు లెక్కలు తప్పుతాయి. ఆ తర్వాత కనిపించేది శవం. ఈ ఉత్తర్వు వెనక్కి తీసుకోండి. నా పేరు కొట్టివేయండి."

జవాబు రాలేదు. సాయంత్రానికి ఇరవై మూడు ఇళ్ళవాళ్ళు గొట్టాలు మూశారని తెలిసింది. నా పేరు చూసే మూశారట.

పుష్యం 11
బయట −38. లోపల 20. తేడా 58. గుళికలు 12½.

వసుధకు తలనొప్పి. రాజవ్వ దిష్టి తీసింది. పసిది పాలకు లేవడం లేదు. లేపి పట్టించాల్సి వస్తోంది.

"బుగ్గలు సూడు వదినె, గులాబీ పువ్వు తీరుగ రంగు తేలింది" అని మురిసిపోయింది రాజవ్వ. "పుట్టినప్పుడు సామనచాయ అనుకున్న."

9, 10, 11 కలిపి 36 కిలోలు. ఒళ్ళు బరువుగా ఉంది. దామోదర్ వల్ల నిద్ర పట్టలేదు.

పుష్యం 12
అంకెలు కింద రాస్తాను. ముందు జరిగింది రాయాలి.

పొద్దున వసుధకు వాంతి అయింది. బాలింత నీరసమంది రాజవ్వ. పదకొండు గంటలకు నేను లెక్కల పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను. నా అంకెలు బొంతవే తప్ప మూసిన గొట్టానివి కావని రుజువు చేసి, దామోదర్ ముఖాన కొట్టాలని. 6 నుంచి 11 దాకా ఆరు రోజుల మొత్తం వేశాను. 74 వచ్చింది. ముందు వేసిన మొత్తాలు 39, 36 కలిపితే 75. తేడా కిలో.

నా పుస్తకంలో కిలో తేడా రాదు.

ఒక్కొక్కటే చూశాను. 12½, 12½, 12. కలిపితే 37. నేను 39 రాశాను. 12½, 12, 12½. ఇదీ 37. నేను 36 రాశాను. పదో తేదీన బయట −38, లోపల 19. తేడా 57. నేను 47 రాశాను.

పద్దెనిమిదేళ్ళ పుస్తకాలు అలమరలో ఉన్నాయి. ఎక్కడా కొట్టివేత లేదు. మూడు రోజుల్లో మూడు తప్పులు. ముసలితనమా? ముసలితనం తేదీ చూసుకుని వస్తుందా? ఆరో తేదీకి ముందు ఒక్కటీ లేదు.

అప్పుడు నా ఉత్తరం నకలు కనబడింది. అదే పేజీలో, నా చేతివ్రాతలోనే.

పొయ్యి అద్దం నల్లబడుతుంది. తల ఎత్తి చూశాను. గుళికలు సగమే కాలుతాయి. ఓదేలు అరచేతిలో పోశాను. తలనొప్పి. నిన్న. వాంతి. ఇవాళ పొద్దున. పగటి మగత. రాజవ్వ, పగలు నడుము వాల్చని మనిషి, గోడకు చేరబడి నోరు తెరిచి నిద్రపోతోంది. ఒంటి రంగు ఎర్రబడుతుంది. గులాబీ పువ్వు తీరుగ.

మామూలు లెక్కలు తప్పుతాయి.

లేవబోతే కాళ్ళు తేలిపోయాయి. గోడ పట్టుకుని పోయి తలుపు మీది దుప్పట్లు లాగి పారేశాను. తలుపు తీశాను. మంచు పొగలాగా లోపలికి దూకింది.

రాజవ్వ ఉలిక్కిపడి లేచింది. "ఏయ్ వదినె! పిచ్చి లేసిందా? బాలెంత! పచ్చి బాలెంతకు గాలి సోకుతది!"

"సోకనీ! వసుధా, లే! బయటికి నడువు!"

"అమ్మమ్మా, కండ్లు తిరుగుతున్నయి."

"పాకుతూ పో!"

రాజవ్వ నా కొంగు పట్టుకుని గుంజింది. ఆమెను తోశాను. డెబ్బై ఒక్క ఏళ్ళలో మనిషి మీద చేయి వేయడం ఇదే మొదలు. పసిదాన్ని కోటులోకి తీసుకుని, గడప దాటి, ముందున్న చలి గదిలోకి, అక్కడి నుంచి వీధిలోకి పోయాను. ఎండ లేదు, కానీ పగటి వెలుతురు ఉంది. ఆ వెలుతురులో ఆ ఎర్రటి ముఖం చూశాను. నిద్రపోతున్న ముఖం కాదు అది.

అరికాలు గిల్లాను. లేదు. వీపు రుద్దాను. లేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎందుకంటే నాకు చేతనైన పని అదొక్కటే. ఇరవై. ముప్పై. ఇన్ని అర్జీలు పెట్టిన దానివి, నీ ఇంటి గొట్టం ఒక్కసారి విప్పి చూశావా అనుకున్నాను. నలభై. నలభై ఒకటి.

ఏడ్చింది. ముందు పిల్లికూనలాగా, ఆ తర్వాత వీధంతా వినబడేలా.

వసుధ చలి గది నేల మీద కూర్చుని ఏడుస్తోంది. పక్కనే రాజవ్వ, కోడలి చెవుల్లో దూది ఊడిందేమోనని తడుముతోంది. పసిదాన్ని కోటుతో సహా వసుధ ఒళ్ళో పెట్టి లోపలికి పోయి గుళికలు పడకుండా పొయ్యి ఆపాను. బొంత మీద నులక తాడు ముడి చూశాను. నా ముడి కాదు. నేను రెండు ముళ్ళు వేస్తాను. కోసి, బొంత ఊడబెరికాను. గొట్టం కీలు విప్పి ఉంది. గోడ వైపు మూతి నిండా గుడ్డ, ఉండలు ఉండలుగా కుక్కి. లాగుతుంటే వస్తూనే ఉంది. తొమ్మిది గజాల చీర. కడిగి కడిగి వెన్నలాగా మెత్తబడిన నూలు చీర.

పొగతోపాటు బయటికి పోవలసిన వేడి ఇంట్లో ఉండిపోయింది. అందుకే వెచ్చన. వేడితోపాటు విషం కూడా ఉండిపోయింది. తేడా పెరిగితే గుళికలు పెరగాలి. తగ్గాయి. ఎందుకు తగ్గాయన్న ప్రశ్న ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల చేత వేయించినదాన్ని, నాకు నేను వేసుకోలేదు. నా బొంత గొప్పతనమే అనుకున్నాను.

చీర తీసుకుపోయి రాజవ్వ ముందు పడేశాను. "ఎప్పుడు?"

"ఐదో తారీకు. నువ్వు గోదాముకు పోయినప్పుడు." చీర ఒళ్ళోకి తీసుకుంది. "గది మా అవ్వ చీరె. పోరికి పొత్తిగుడ్డలు చింపుదామని తెచ్చిన. గంతకంటే మెత్తటిది నా తాన లేదు వదినె. చల్లగాలి పోరికి తాకద్దని."

"చెప్పలేదేం?"

"చెప్తే ఊకుంటుంటివా?"

ఊరుకునేదాన్ని కాదు. అదీ నిజమే. కోపం ఎవరి మీద పెట్టాలో తేల్చుకునే టైము లేదు. ఇరవై మూడు ఇళ్ళు. సరిగ్గా ఇదే పని, నా పేరు మీద. ఓదేలు మా వీధిలోనే ఉంటాడు. అరిచి పిలిచి, గొట్టాలు తెరిచేదాకా అందరినీ తలుపులు తీసి పెట్టుకొమ్మని చెప్పి రమ్మన్నాను. చలికి తలుపులు తీసిపెట్టడమా అని జనం నవ్వుతున్నారని వచ్చి చెప్పాడు. చెప్పడానికి పోయిన ఇళ్ళు కూడా తొమ్మిదే. దారిలో మిగతావి మరిచిపోయాడట. కమిటీని రేపు పొద్దున హాలుకు పిలిపించమన్నాను. మిగిలిన ఇళ్ళకు నేనే పోయాను. కొందరు తీశారు. కొందరు, "మీ లెక్కనే గదా టీచరమ్మా" అన్నారు.

బయట −39. తలుపు తీసిన అరగంట తర్వాత లోపల 3. గుళికలు తూచలేదు. ఈ పుస్తకంలో గుళికలు తూచని రోజు ఇదొక్కటే.

పుష్యం 13
బయట −39. లోపల 15. తేడా 54. గుళికలు 15.

హాలు నిండిపోయింది. అక్కడి పొయ్యి గాలి గొట్టం మూయలేదు, ముందే పోయి చూసుకున్నాను.

"నేనిచ్చిన అంకెలు తప్పు" అని మొదలుపెట్టాను. ఈ మాట అనడానికి ఎంత కష్టమైందో ఇక్కడ రాయను. "మా ఇంటి గొట్టం బొంత కింద మూసి ఉంది. నాకు తెలియలేదు. ఆ కిలోన్నర ఆదా కాదు, మా పసిపిల్ల ఊపిరి."

దామోదర్ లేచాడు. "మేడం, మీ లెక్క తప్పదని మీరే అంటుంటిరి గద. ఇప్పుడు తప్పంటే ఎట్ల? గోదాంల ఉన్నయి మాఘం పదిహేను దాక రావు. గొట్టాలు తెరిస్తే అందరం ఒక్కసారే సస్తం."

"మూస్తే ముందే చస్తాం. రుజువు కావాలా?" ఓదేలును లేపాను. గోదాంలో సంచి పదిహేడు కిలోలు. పొద్దస్తమానం అతని నోట్లో పదిహేడో ఎక్కమే. "పదిహేడో ఎక్కం చెప్పు."

"ఇప్పుడా మేడం?" అని సిగ్గుపడుతూ అందుకున్నాడు. "పదిహేడొకట్లు పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు..." ఐదు దాకా బాగానే పోయింది. "పదిహేడు ఆర్లు... నూట రెండు. పదిహేడేడ్లు... నూట... నూట పన్నెండు. కాదు. నూట..."

హాలు గొల్లుమంది.

"నవ్వకండి. నీ గొట్టం ఎప్పుడు మూశావు?"

"పదో తారీకు."

"ఈరమ్మా, నువ్వు మూశావా?" ఈరమ్మ మా వీధి చివర ఉంటుంది. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పానని తనే గొప్పగా చెప్పుకుంటుంది.

"నేనెందుకు మూస్త? గొట్టం తాన నా బల్లున్నది. జరుపుడు నాతోని గాదు."

"ఎక్కం చెప్పు."

వేళ్ళు మడుస్తూ, మధ్యలో పైకప్పు చూస్తూ, ఎంతో సేపు తీసుకుని చెప్పింది. నూట డెబ్బై దాకా ఒక్కటి తప్పలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"గొట్టం మూసిన ఇళ్ళలో తలనొప్పి ఎవరెవరికి? చేతులెత్తండి." లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. "దామోదర్, నీ చేయి?"

"నాకు తలనొప్పి ఉత్తర్వులు రాసి వచ్చింది మేడం" అన్నాడు. అలవాటైన నవ్వు.

"మీ ఆవిడ రాలేదేం?"

"పండుకున్నది. వెచ్చగున్నది గద, రెండు రోజుల సంది మస్తు నిద్ర..."

అక్కడ ఆగిపోయాడు. ఆ మాట అతనికే వినబడింది. కుర్చీ పడేసి, టోపీ, చేతి తొడుగులు బల్ల మీదే వదిలేసి పరిగెత్తాడు. −39లో, ఉత్త తలతో. మేమంతా అతని వెనక.

ఆమె బతికింది. వీధిలో పడుకోబెట్టి రుద్దితే కళ్ళు తెరిచి, "చలి పెడుతున్నది, తలుపు ఎవడు తీసిండు?" అంది. దామోదర్ ఆ వీధిలో మంచు మీద కూర్చుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. రేపు కలుగుతుందేమో. మధ్యాహ్నం లోపల ఇరవై మూడు గొట్టాలూ తెరిచాం. కొన్నింట్లో నేనే గుడ్డలు లాగాను. ఉత్తర్వు మీద దామోదర్ చేతనే ఎర్ర సిరాతో గీత కొట్టించాను. దాని కింద అతని చేత ఇంకో వాక్యం రాయించాను: ఇల్లు ఒక్కంటికి బ్యాటరీ ఒకటి, బొంత ఒకటి, ఐదు రోజుల్లో. తేదీ వేయించాను. మాఘం గురించి రేపటి నుంచి ఇళ్ళు కలుపుకుంటాం. రెండు కుటుంబాలకు ఒక పొయ్యి. అప్పుడైనా గుళికలు సరిపోతాయో లేదో లెక్క వేయాలి. ఈసారి నా లెక్కను ఈరమ్మ చేత సరిచూయిస్తాను.

పుష్యం 14
బయట −39. లోపల 16. తేడా 55. గుళికలు 14½.

గొట్టానికి మళ్ళీ బొంత చుట్టాను. చుట్టేముందు రాజవ్వను పిలిచి, కీలు ఎక్కడ, మూతి ఎక్కడ, గాలి ఎటు నుంచి ఎటు పోతుందో చూపించాను. చేయి అడ్డం పెట్టి చూసింది. "గుంజుతున్నది" అంది, ఆశ్చర్యంగా. "గిన్ని రోజులు గిది లేక మన ఊపిరి గుంజిందా?"

"అవును."

"గిదే ముందు నా చెయ్యి పట్టుకోని సూపెట్టినా అయిపోవు గద. ముక్కు గిక్కు అంటే నాకేం తెలుస్తది?"

ఐదు రోజులు ఆమెతో కొట్లాడాను. ఒక్క నిమిషం చూపించలేదు. కోపం ఇంకా ఉంది. అందులో ఎవరి వాటా ఎంతో రాయడానికి ఈ పేజీలో గడులు చాలవు.

వాళ్ళ అవ్వ చీర ఉతికి, మసి పోయేదాకా మూడుసార్లు ఉతికి, పొత్తిగుడ్డలుగా చింపింది. పద్దెనిమిది వచ్చాయి. పొయ్యికి దూరంగా తాడు మీద ఆరుతున్నాయి.

ఇవాళ్టి నుంచి పుస్తకంలో కొత్త గడి ఒకటి గీశాను. బయట, లోపల, తేడా, గుళికలు, ఆ పక్కన: పసిది ఏడ్చినవి. విషగంట మోగే రోజు వచ్చేదాకా ఈ ఇంటికి గంట అదే. పొద్దుటి నుంచి నా లెక్కకు పదకొండు సార్లు. రాజవ్వ పన్నెండు అంటోంది. నేను గోదాముకు పోయి వచ్చేలోపు ఒకసారి ఏడ్చిందట.

పదకొండు కొట్టివేసి, పన్నెండు రాశాను.